కుళాయి రుసుముల పెంపు ముసాయిదా: డెల్టా పట్టణాల వారి అభిప్రాయాలు కావాలి

కాలువగట్టు (పశ్చిమ డెల్టా)

మా పురపాలక సంఘం కుళాయి రుసుములను మార్చే ముసాయిదాను అభ్యంతరాల కోసం వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల మీద పెట్టింది. ఇంతవరకు అర అంగుళం కుళాయికి నెలకు ఇంత అని కడుతూ వచ్చాము. ఇకమీదట ప్రతి కనెక్షనుకు మీటరు బిగించి, వాడకం పెరిగేకొద్దీ కిలోలీటరు ధర కూడా పెరిగే శ్లాబుల పద్ధతిని తెస్తామంటున్నారు. దానితో పాటు కొత్త కనెక్షనుకు డిపాజిట్టు పెరుగుతుంది, హోటళ్లు, హాస్టళ్లు వేరే తరగతిలోకి వెళతాయి, వీధి కుళాయిలు క్రమంగా తీసివేస్తారు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన అంశం, కౌన్సిలు ముందుకు మళ్లీ రానవసరం లేకుండా రుసుము ఏటా కొంత శాతం చొప్పున దానంతటదే పెరిగే ఏర్పాటు.

గోదావరి పక్కనే ఉండగా నీటికి డబ్బులేమిటని వాదించేవారిలో నేను లేను. కాలువలో పారే నీరు ఇంటి కుళాయిలోకి రావాలంటే పంపులు, పటిక, నీటిని ఇసుకతో వడకట్టే ఫిల్టర్ బెడ్లు, క్లోరిన్, ఓవర్‌హెడ్ ట్యాంకులు, రాత్రీ పగలూ డ్యూటీ చేసే సిబ్బంది కావాలి. అయితే ఆ ముసాయిదాను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివినా, రోజుకు ఎన్ని లీటర్లు ఫిల్టర్ బెడ్ల నుంచి బయలుదేరుతున్నాయో, వాటిలో ఎన్ని ఇళ్లకు చేరుతున్నాయో ఎక్కడా కనిపించలేదు. నీటిని సంఘం కొలవకుండా మన చేత కొలిచి కట్టించుకోవడం న్యాయమేనా? ముందు వారి కొలత, ఆ తరువాతే మన ధర అన్నది నా అభిప్రాయం. మీ పట్టణాలలో అనుభవం ఏమిటో, నా వాదనలో లోపం ఉంటే అదేమిటో రాయగలరు. అభ్యంతర పత్రం ఇవ్వడానికి ఇంకా గడువు ఉంది.

విశ్రాంత ఇంజనీరు (రాజమహేంద్రవరం)

కాలువగట్టు గారూ, మీరు ముఖ్యమైన చోటే పట్టుకున్నారు. నా ఉద్యోగ జీవితమంతా నీటి సరఫరాలోనే గడిచింది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

నీటిని ఎత్తిపోయడానికి కరెంటే పెద్ద ఖర్చని చాలామంది అనుకుంటారు. వెయ్యి లీటర్లను, అంటే ఒక కిలోలీటరును, 20 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకులోకి ఎక్కించడానికి లెక్క ప్రకారం 0.055 యూనిట్ల కరెంటు సరిపోతుంది. మోటారు, పంపు కలిపి సామర్థ్యం 60 శాతమే అనుకున్నా సుమారు 0.09 యూనిట్లే అవుతుంది. డెల్టా పట్టణాలలో కాలువ నుంచి చెరువుకు, చెరువు నుంచి ఫిల్టర్ బెడ్లకు, అక్కడి నుంచి ట్యాంకుకు అంచెలంచెలుగా తోడవలసి వస్తుంది కాబట్టి ఈ లెక్క రెండింతలో మూడింతలో అవుతుంది. అయినా కిలోలీటరుకు యూనిట్లో మూడో వంతు లోపే ఉంటుంది. మిగతా ఖర్చులో అధిక భాగం జీతాలు, గొట్టాల మరమ్మతులు, ఇసుక మార్చడం, పాత అప్పుల వాయిదాలు. మీరు తక్కువ నీరు వాడినంత మాత్రాన ఇవి తగ్గవు. అందువల్ల బిల్లులో కొంత స్థిరమైన భాగం ఉండటం తప్పు కాదు. మొత్తం ఖర్చును వాడకం మీదే వేస్తే, వర్షాకాలంలో జనం తక్కువ వాడిన నెలల్లో సంఘం ఆదాయం పడిపోయి, క్లోరిన్ కొనడానికి కూడా వెనకాడే పరిస్థితి వస్తుంది.

ఇక కొలత సంగతి. 2008లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పట్టణ సేవలకు కొన్ని ప్రమాణాలు ప్రకటించింది: తలసరి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, అన్ని కనెక్షన్లకు మీటర్లు, లెక్కకు రాకుండా పోయే నీరు 20 శాతానికి మించకపోవడం, నిర్వహణ ఖర్చు నూటికి నూరు శాతం రాబట్టుకోవడం, వేసిన బిల్లులో 90 శాతం వసూలు. వీటిలో మొదటివాటిని వదిలి చివరి రెండింటిని మాత్రమే అమలు చేయబోవడమే ఇటువంటి ముసాయిదాలలో కనిపించే లోపం.

ఇంకొక సాంకేతిక విషయం. పూటకు గంటో రెండు గంటలో నీరు వదిలే ఊళ్లలో గొట్టాలు మిగతా సమయమంతా ఖాళీగా ఉంటాయి. నీరు వదలగానే లోపలి గాలి ముందుగా కుళాయి గుండా తోసుకుని వస్తుంది, ఆ గాలికి కూడా మీటరు తిరుగుతుంది. గాలిని వదిలే వాల్వులు సరైన చోట్ల లేకపోతే వినియోగదారు గాలికి డబ్బు కట్టవలసి వస్తుంది. అందుచేత మొదట హెడ్‌వర్క్సు, అంటే నీటిని శుద్ధి చేసి పంపే కేంద్రం, దగ్గర, ప్రతి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి దిగే గొట్టం దగ్గర పెద్ద మీటర్లు పెట్టాలి. ఏ ట్యాంకు కింద ఎంత పోతున్నదో ఒక ఏడాది చూసిన తరువాత ఇళ్ల మీటర్ల గురించి ఆలోచించవచ్చు. పెద్ద మీటర్ల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేటంత; ఖర్చు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

లెక్కల మాస్టారు (అమలాపురం)

శ్లాబుల గురించి ఒక మాట. ఎక్కువ వాడేవారు ఎక్కువ కట్టాలన్న సూత్రం వినడానికి సమంజసంగానే ఉంటుంది. అయితే శ్లాబు కనెక్షనుకు వేస్తారు తప్ప మనిషికి వేయరు.

నలుగురున్న కుటుంబానికి తలసరి 135 లీటర్ల చొప్పున నెలకు 16.2 కిలోలీటర్లు కావాలి. మన ఊళ్లలో ఒకే కుళాయి మీద నాలుగు వాటాలు, అంటే నాలుగు కుటుంబాలు, ఉండటం మామూలు విషయం. పదహారు మంది ఉన్న ఆ ఇంటి మీటరు నెలకు 64.8 కిలోలీటర్లు చూపిస్తుంది కాబట్టి వారు నేరుగా పై శ్లాబులోకి వెళతారు. పక్కనే మొక్కలకూ కారుకూ నీరు పడుతూ, ఇద్దరే ఉన్న ఇల్లు నెలకు 15 కిలోలీటర్లు వాడితే, తలకు రోజుకు 250 లీటర్లు అయినా కింది శ్లాబులోనే ఉండిపోతుంది. అంటే ఆ వాటాల ఇంట్లోని కుటుంబాలు తలకు దాదాపు సగమే వాడుతూ కిలోలీటరుకు ఎక్కువ ధర చెల్లిస్తాయి. ఇది సరిదిద్దాలంటే వార్డు సచివాలయంలో ఉన్న కుటుంబాల వివరాలను బట్టి, ఒక కనెక్షను మీద ఎన్ని కుటుంబాలుంటే కింది శ్లాబు పరిమితిని అన్ని రెట్లు పెంచాలి.

మూడో వాటా (తణుకు)

మాస్టారూ, మీరు రాసినది మా ఇంటి సంగతే. మీటరు ఇంటివారి పేరున ఉంటుంది, బిల్లు వారికి వస్తుంది, మాకు మాత్రం నీళ్ల డబ్బులని నెలకొక అంకె చెబుతారు. అసలు బిల్లు ఎంతో మాకు తెలిసే మార్గం లేదు. కాలువగట్టు గారూ, దయచేసి ఈ విషయం కూడా మీ అభ్యంతర పత్రంలో చేర్చండి.

శివారు వీధి (భీమవరం వైపు)

నేను గృహిణిని. కనెక్షను ఉన్నంత మాత్రాన నీరు ఉన్నట్లు కాదని ముసాయిదా రాసినవారు గ్రహించాలి. మా వీధి గొట్టం చివరలో ఉంటుంది. ఎగువనున్న ఇళ్లవారు కుళాయికే మోటారు బిగించి లాగుతారు. మా వంతుకు వచ్చేసరికి ధార సన్నబడుతుంది, ఒక్కొక్క రోజు మొదటి రెండు బిందెలూ రంగు మారి వస్తాయి. బోరు వేసుకుందామంటే మా వైపు భూమిలో ఉప్పునీరే పడుతుంది. అంట్లు తోమడానికి కూడా అది పనికిరాదు. అందువల్ల మాకు కాలువ నీరు తప్ప వేరే ఆధారం లేదు.

తాగడానికీ వంటకూ రోజుకొక 20 లీటర్ల టిన్ను తెప్పించుకుంటాము. టిన్ను పదిహేను రూపాయలనుకుంటే నెలకు 450 రూపాయలవుతుంది. ఆ డబ్బుకు వచ్చే నీరు 600 లీటర్లే. అంటే కిలోలీటరుకు 750 రూపాయలు. కుళాయి నీరు నమ్మకంగా తాగగలిగేలా వస్తే, ఈ 450లో సగం సంఘానికి సంతోషంగా కడతాను. మా వీధిలో చాలామంది కడతారు. పేదవారు నీటికి డబ్బు కట్టలేరని సభల్లో మాట్లాడుతూ ఉంటారు. వారు కడుతూనే ఉన్నారు, అందరికంటే ఎక్కువ ధర కడుతున్నారు. ఆ డబ్బు సంఘానికి కాకుండా టిన్నులు అమ్మే నీటి ప్లాంట్ల వారికి పోతున్నది.

విశ్రాంత ఇంజనీరు (రాజమహేంద్రవరం)

శివారు వీధి వారు చెప్పిన మోటార్ల విషయం ఆరోగ్యానికి కూడా సంబంధించినది. మోటారు గొట్టంలో పీడనాన్ని తగ్గించినప్పుడు, పక్కనే మురుగు కాలువ ఉండి గొట్టానికి ఎక్కడైనా చిల్లు ఉంటే ఆ మురుగు లోపలికి లాక్కుంటుంది. మొదటి బిందెలు రంగు మారడానికి ఇది ఒక ముఖ్య కారణం కావచ్చు. శివారు కుళాయి దగ్గర క్లోరిన్ శేషం, అంటే నీటిలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని తాగునీటికి భారత ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతుంది. ఫిల్టర్ బెడ్ల దగ్గర పరీక్ష చేసి బాగున్నదని రాసుకుంటే చాలదు. రుసుము పెంచే తీర్మానంలోనే, వార్డు వారీగా చివరి కుళాయి దగ్గర వారానికోసారి పరీక్ష చేసి ఫలితాన్ని సచివాలయం బోర్డు మీద పెట్టాలన్న షరతు ఉండాలి. దానికి కావలసిన క్లోరోస్కోపు, అంటే రంగును బట్టి క్లోరిన్‌ను చూపే చిన్న పరికరం, చాలా చవకైనది. పది నిమిషాల పని.

డెల్టా రైతు (నరసాపురం)

పట్టణం వారి చర్చలో రైతు మాట ఎందుకని అనుకోకండి, మీరు తాగేదీ మేము పారించేదీ ఒకే కాలువ నీరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాలో నీటికి తీరువా కట్టడం తరతరాలుగా అలవాటే. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఆ కాలంలోనే తీరువా కూడా బాగా పెరిగింది. అప్పుడు మాకు చెప్పినది ఏమిటంటే, మీరు కట్టే డబ్బులో భాగం మీ కాలువల మరమ్మతులకే వస్తుంది, ఏ పని ముందు చేయాలో మీరు ఎన్నుకున్న సంఘమే నిర్ణయిస్తుంది అని. ఆ మాట ఎంతవరకు నిలిచింది అన్నది వేరే చర్చ, దానిలోకి ఇప్పుడు వెళ్లను. కానీ పెంపుతో పాటు కట్టేవారికి నిర్ణయంలో చోటు ఇవ్వాలన్న ఆలోచన అప్పట్లో చట్టంలోకి ఎక్కింది. మీ ముసాయిదాలో అటువంటి చోటు ఏదైనా ఉందా?

మరొక విషయం వేసవి చెరువుల గురించి. వేసవిలో నీరు ఆపి కాలువలు కట్టేసినప్పుడు పట్టణం బ్రతికేది ఆ చెరువు మీదే. పూడిక తీయకుండా, గట్లు బాగుచేయకుండా రుసుము పెంచితే ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ ట్యాంకర్ల కోసమే ఎదురుచూడాలి. ఎగువ గ్రామాల మురుగు, రొయ్యల చెరువుల నీరు కాలువలో కలవకుండా ఆపడం కూడా మీ నీటి ఖర్చులో భాగమే. మురికి నీటికి పటికా క్లోరినూ ఎక్కువ పడతాయి.

లెక్కల మాస్టారు (అమలాపురం)

రైతు గారు చెప్పిన చెరువుకు ఒక అంచనా వేసి చూశాను. యాభై వేల జనాభా ఉన్న పట్టణానికి తలసరి 135 లీటర్ల చొప్పున రోజుకు 6,750 కిలోలీటర్లు కావాలి. కాలువలు 45 రోజులు కట్టేస్తే 3,03,750 కిలోలీటర్లు నిల్వ ఉండాలి. వాడుకోదగ్గ లోతు నాలుగు మీటర్లు ఉన్న చెరువైతే సుమారు 19 ఎకరాలు. ఎండకు ఆవిరయ్యేదీ అడుగున ఇంకేదీ దీనికి అదనం. పూడిక చేరి లోతు మూడు మీటర్లకు తగ్గితే అదే నీటికి 25 ఎకరాలు కావలసి వస్తుంది. డెల్టా పట్టణాల చుట్టూ భూమి ధర ఎంతో అందరికీ తెలుసు. కొత్త చెరువుకు భూమి కొనడం కంటే ఉన్న చెరువు పూడిక తీయడం ఎంత చవకో దీనిని బట్టి ఊహించవచ్చు. పెంచిన రుసుములో మొదటి ఖర్చు ఇదే కావాలి.

న్యాయవాది (కాకినాడ)

చట్టం వైపు నుంచి రెండు మాటలు. రాజ్యాంగం పన్నెండవ షెడ్యూలులో గృహ, పారిశ్రామిక, వాణిజ్య అవసరాలకు నీటి సరఫరా అన్నది పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల జాబితాలో ఉంది. 74వ సవరణ ద్వారా వచ్చిన షెడ్యూలు అది. కాబట్టి ధర నిర్ణయం ఎన్నికైన కౌన్సిలు బాధ్యత. ఏటా దానంతటదే పెరిగే ఏర్పాటు ఆ బాధ్యత నుంచి తప్పుకునే దారి అవుతుంది. మన రాష్ట్రంలో 2020 చట్ట సవరణతో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే ఆస్తి ఖరీదుకు, మార్చి, ఏటా పెరుగుదల 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. పరిమితి ఉన్నా జనానికి అది ఏటేటా పెరిగే భారంగానే మిగిలింది. నీటికి కూడా అదే దారి పడుతుందన్న భయం నిరాధారమైనది కాదు.

రెండవది, సేవకు బదులుగా తీసుకునే రుసుముకూ ఆ సేవకూ సంబంధం ఉండాలన్నది 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు చెప్పిన నాటి నుంచి న్యాయశాస్త్రంలో స్థిరపడిన భావన. తరువాతి తీర్పులు ఆ సంబంధం అణా పైసల లెక్కన ఉండనక్కరలేదని సడలించాయి కానీ, సంబంధమే అవసరం లేదని అనలేదు. అందువల్ల నీటి రుసుము వసూలును వేరే ఖాతాలో చూపమని అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు. ఆ డబ్బు వీధి దీపాలకో భవనాలకో మళ్లకుండా చూసుకోవడానికి వేరే మార్గం లేదు. 2021లో మొదలై 2024లో రద్దయిన చెత్త రుసుము అనుభవం కూడా మన ముందున్నది. జనానికి నమ్మకం కుదరని వసూలు ఎక్కువ కాలం నిలవదు.

చిన్న హోటలు (పాలకొల్లు)

వాణిజ్య తరగతి అన్న ఒకే మాట కింద మా నాలుగు బల్లల టిఫిన్ హోటలునూ, వంద గదుల లాడ్జీనీ, కల్యాణ మండపాన్నీ కలిపివేస్తే న్యాయం కాదు. గృహస్థుల కంటే కొంత ఎక్కువ కట్టడానికి మాకు అభ్యంతరం లేదు. తరగతిని బట్టి కాకుండా వాడకాన్ని బట్టి వేయాలని మాత్రమే అడుగుతున్నాము. నిజానికి మా వంటి వారికే ముందుగా మీటర్లు పెట్టవచ్చు. సంఖ్య తక్కువ, వాడకం ఎక్కువ.

కాలువగట్టు (పశ్చిమ డెల్టా)

చిన్న హోటలు వారి సూచన నాకు చాలా నచ్చింది. ట్యాంకుల దగ్గర పెద్ద మీటర్లు, తరువాత వాణిజ్య కనెక్షన్లు, ఆ తరువాత అపార్టుమెంట్లు, చివరికి చిన్న ఇళ్లు అన్న వరుసలో వెళితే, చిన్న ఇళ్ల వంతు వచ్చేసరికి సంఘం దగ్గర నిజమైన లెక్కలు ఉంటాయి. రైతు గారు అడిగిన ప్రశ్నకు జవాబు: లేదండి, కట్టేవారికి ముసాయిదాలో ఎటువంటి చోటూ లేదు. దాన్ని ప్రత్యేకంగా అడుగుతాను.

వీధి కుళాయి (కాకినాడ)

వీధి కుళాయిల గురించి ఎవరూ రాయలేదు. అవి తీసివేస్తే నీటి వృథా తగ్గుతుందని అంటారు. తల తిరిగిపోయిన కుళాయిల నుంచి నీరు ఊరికే పోతున్న మాట నిజమే. కానీ పోరంబోకు స్థలాలలో, కాలువ గట్ల మీద ఇళ్లు వేసుకున్నవారికి పట్టా లేదు, పట్టా లేదని కనెక్షను ఇవ్వరు, కనెక్షను లేదు కాబట్టి వీధి కుళాయే దిక్కు. ముందు ఆ ఇళ్లకు పట్టాతో నిమిత్తం లేకుండా కనెక్షను ఇచ్చి, డిపాజిట్టును చిన్న వాయిదాలలో తీసుకుని, ఆ వీధిలోని ఇళ్లన్నిటికీ నీరు అందిన తరువాతే అక్కడి కుళాయి తీయాలి. నేను పనిచేసే పేటలో బిందె పట్టుకుని వరుసలో నిలబడేవారు దాదాపు అందరూ ఆడవారూ, బడికి వెళ్లవలసిన ఆడపిల్లలూ. డిపాజిట్టును ఒకేసారి కట్టమంటే వారు ఏ నాటికీ కనెక్షను తీసుకోలేరు.

పన్ను కట్టేవాడు (ఏలూరు)

అందరూ షరతులే రాస్తున్నారు. షరతులన్నీ తీరేవరకు పెంచకూడదంటే ఏ సంఘమూ ఎప్పటికీ పెంచలేదు. ఆ లోటు ఆస్తి పన్ను కట్టే మా మీదకే వస్తుంది. ఏళ్ల తరబడి బకాయిలు పెట్టినవారు, అనుమతి లేకుండా గొట్టానికి చిల్లు పెట్టి లాగినవారు హాయిగా ఉన్నారు. వారి సంగతి ఎవరు చూస్తారు?

విశ్రాంత ఇంజనీరు (రాజమహేంద్రవరం)

మీ ఆవేదన సరైనదే. అందుకే పెంపును పూర్తిగా ఆపమని నేను అనలేదు. స్థిర రుసుములో స్వల్ప పెంపును ఇప్పుడే అంగీకరించి, ఆ మొత్తాన్ని పెద్ద మీటర్లకూ పూడిక తీతకూ కట్టివేయవచ్చు. అక్రమ కనెక్షన్లు బయటపడేది కూడా ట్యాంకు వారీ లెక్కతోనే. ఒక ట్యాంకు కింద నమోదైన కనెక్షన్లను బట్టి పోవలసిన నీటికీ, నిజంగా పోయిన నీటికీ మధ్య తేడా ఎక్కువగా ఉన్న వీధులలో ముందు తవ్వి చూడాలి. ఊరంతా తవ్వనక్కరలేదు. రాత్రి రెండు గంటలకు, అందరూ నిద్రపోతున్నప్పుడు ట్యాంకు నిండా నీరుంచి వాల్వు తెరిచి మీటరు చూస్తే, ఆ సమయంలో కదిలే ముల్లు చాలావరకు లీకేజీదే. ఇళ్ల సంపులు నిండిన తరువాత చూడాలన్న జాగ్రత్త ఒక్కటి పాటించాలి.

కాలువగట్టు (పశ్చిమ డెల్టా)

ఏలూరు వారి మాటనూ దృష్టిలో పెట్టుకుని అభ్యంతర పత్రాన్ని ఇలా రాశాను. స్థిర రుసుములో పరిమితమైన పెంపును ఈ ఏడాదికి అంగీకరిస్తున్నాము. ఆ అదనపు ఆదాయం వేరే ఖాతాలో ఉండాలి, ఆరు నెలలకోసారి జమాఖర్చులు వార్డు సచివాలయంలో ప్రకటించాలి. ఇళ్లకు శ్లాబుల పద్ధతిని ట్యాంకు వారీ లెక్కలు ఒక పూర్తి సంవత్సరం, వేసవి నెలలతో సహా, బయట పెట్టిన తరువాతే తేవాలి. తెచ్చినప్పుడు ఒక కనెక్షను మీదున్న కుటుంబాల సంఖ్యను బట్టి కింది శ్లాబును విస్తరించాలి. ఏటా దానంతటదే పెరిగే నిబంధనను తొలగించి ప్రతి పెంపూ కౌన్సిలు ఓటుతోనే జరగాలి. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష, వేసవి చెరువు పూడిక, వీధి కుళాయిలు తీసే ముందే ఇళ్లకు కనెక్షన్లు అన్నవి తీర్మానంలోనే షరతులుగా ఉండాలి. ప్రతి వార్డు నుంచి ఇద్దరు వినియోగదారులు, వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ, ఖర్చుల పరిశీలన సంఘంలో ఉండాలి.

మూడో వాటా (తణుకు)

బిల్లు మీద మీటరు రీడింగు, కుటుంబాల సంఖ్య, ఒక్కో కుటుంబానికి పడే వాటా అచ్చువేయాలని ఒక వాక్యం చేర్చగలరా? ఇంటివారి ఫోనుకు వెళ్లే సందేశం వాటాదారులలో కోరినవారి ఫోనుకు కూడా వెళ్లాలి.

కాలువగట్టు (పశ్చిమ డెల్టా)

చేర్చాను. సోమవారం ఉదయం మా వార్డు సచివాలయంలో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకుంటాను. ఇతర పట్టణాలలో ఇటువంటి ముసాయిదా వచ్చినవారు ఈ పత్రాన్ని మార్పులతో వాడుకోవచ్చు. కాలువలు కట్టేసే రోజుల సంఖ్యనూ మీ చెరువు విస్తీర్ణాన్నీ మాత్రం మీ ఊరి లెక్క ప్రకారం మార్చుకోండి.